మూత తీయకుండానే బీరులో గ్యాస్ పట్టిందో లేదో తెలుసుకోవడానికి

ఇంట్లో చేసిన బీరును సీసాల్లో పోశాక, గ్యాస్ పట్టిందా లేదా అని రెండు రోజులకోసారి ఒక సీసా మూత తీసి చూస్తే ఆ సీసా వృథా.

దానికి బదులు గాజు సీసాలతో పాటే ఒక ఖాళీ అరలీటరు ప్లాస్టిక్ సోడా సీసా నింపండి. శుభ్రంగా కడిగి, బీరు సీసాల క్రిములు చంపే శానిటైజర్‌తో (చేతులకు రాసుకునేది కాదు) తొలిచినదై ఉండాలి. గ్యాస్ పుట్టడానికి లీటరు బీరుకు 6–7 గ్రాముల పంచదారను కొద్ది నీళ్లలో మరిగించి, చల్లార్చి, మొత్తం బీరులో మెల్లగా కలిపాకే సీసాల్లో పోయాలి. ప్లాస్టిక్ సీసాలో పైన రెండు మూడు సెంటీమీటర్లు వదిలి, బీరు మూతి దాకా వచ్చేలా నొక్కిపట్టి మూత బిగించండి. సీసా సొట్టపడే ఉంటుంది, అదే కావాలి. గాజు సీసాల పక్కనే, 20–24 డిగ్రీల్లో ఉంచండి. గ్యాస్ పుట్టేకొద్దీ సొట్ట లేస్తుంది. బొటనవేలితో నొక్కినా లొంగనంత గట్టిపడ్డాక ఇంకో నాలుగైదు రోజులు ఆగండి, ఎందుకంటే సీసా బిగిసినంత త్వరగా గ్యాస్ బీరులో కరగదు. మామూలుగా మొత్తం రెండు వారాలు. తర్వాత రెండు రోజులు ఫ్రిజ్‌లో పెట్టి తెరవండి.

పంచదార సరిగా కలవకపోతే ఈ ఒక్క సీసా మిగతావాటి సంగతి చెప్పదు. పులియడం పూర్తికాకముందే నింపితే మరీ ప్రమాదం, గాజు సీసాలు పేలతాయి. హైడ్రోమీటర్ (బీరు సాంద్రత కొలిచే పరికరం) రీడింగ్ మూడు రోజులు కదలకుండా ఉంటేనే నింపండి. రెండు మూడు రోజులకే ప్లాస్టిక్ సీసా రాయిలా బిగిస్తే వెంటనే అన్నిటినీ ఫ్రిజ్‌లోకి మార్చేయండి.