ఇంటర్ పరీక్షలకు ముందు: చదివింది నిలవాలంటే

ఇంకో నెలలో పరీక్షలు. బెజవాడలో ఇంటర్ పిల్లలున్న ఇళ్లన్నిట్లో ఇప్పుడు ఒకటే టెన్షన్. ఇవి మాత్రం చూసుకోండి.

– పుస్తకం మూసి చెప్పించండి. ఇది చేయకపోవడం వల్లే అన్నిటికంటే పెద్ద నష్టం. పదేపదే చదివితే వచ్చేసినట్టే అనిపిస్తుంది. 2006లో రోడిగర్, కార్పికె అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు చేసిన ప్రయోగంలో ఐదు నిమిషాల తర్వాత మళ్లీ చదివినవాళ్లదే పైచేయి. వారం తర్వాత మాత్రం, చూడకుండా గుర్తుచేసుకుని రాసినవాళ్లే ముందున్నారు. పటమటలో మా అక్క కూతురి కెమిస్ట్రీ నోట్సు చూశాను, పేజీ నిండా పసుపు గీతలే. మూసి అడిగితే రెండో లైను దగ్గర ఆగిపోయింది. పాపం, అది కష్టపడని పిల్ల కాదు.

– నిద్ర తగ్గించనివ్వకండి. చదివింది మెదడులో కుదురుకోవడానికి నిద్ర కావాలి. తెల్లవార్లూ చదివితే చదివిందే జారిపోతుంది.

– ఒక పాఠాన్ని ఒకేరోజు నాలుగు గంటలు రుద్దించొద్దు. నాలుగు రోజులకు పంచండి. కాస్త మరిచి, మళ్లీ గుర్తుచేసుకున్నదే ఎక్కువకాలం ఉంటుంది.

– ఫోన్ పక్క గదిలో పెట్టించండి. మనసు ఒకేసారి పట్టుకోగలిగేవి కొన్నే, ఒక్క మెసేజ్ చాలు లెక్క మధ్యలో తెగిపోవడానికి.

– హాల్‌టికెట్ సంగతి మీరు చూసుకోండి, ఆ బెంగ వాళ్లకెందుకు.