బ్యాంకాక్‌లో ఒంటరిగా, తీరిగ్గా ఒక రోజు గడపడం ఎలా?

ముందే చెప్పేస్తున్నా, ఈ రోజుకి గ్రాండ్ ప్యాలెస్, అంటే రాజుల పాత కోట, వద్దు. చూడదగ్గదే, కాదనను. కానీ 500 బాట్ల (బాట్ అంటే థాయ్ కరెన్సీ) టికెట్టు, తోపులాట, నెత్తిన ఎండ... అన్నీ కలిపి సగం రోజు మింగేస్తుంది. తీరిగ్గా తిరగాలంటే చావో ప్రాయా నదిని పట్టుకోండి. రెండు గుళ్ళు, ఒక పూల మార్కెట్, మధ్యాహ్నం రెండు మూడు గంటలు ఊరికే కూర్చోవడం. ఒక్కరే కాబట్టి ఎవర్నీ ఒప్పించక్కర్లేదు.

ముందురోజు రాత్రి

20 బాట్ల నోట్లు కొన్ని విడిగా పెట్టుకోండి. బోటులో వెయ్యి నోటు తీస్తే కండక్టర్ మొహం చూడలేం. భుజాలు, మోకాళ్ళు కప్పే బట్టలు, సులువుగా విప్పి తొడుక్కునే చెప్పులు చాలు. హోటల్ పేరు థాయ్ లిపిలో ఉన్న స్క్రీన్‌షాట్ ఒకటి ఫోన్‌లో ఉంచుకోండి, దారి తప్పితే అదే దిక్కు. అక్కడి గడియారం మనకంటే గంటన్నర ముందుంటుంది. అలారం ఆరున్నరకి పెడితే మన శరీరానికి ఇంకా ఐదే, మొదటి రోజైతే తిట్టుకుంటూ లేస్తారు.

పొద్దున్నే బోటెక్కండి

బీటీఎస్ అనే సిటీ రైల్లో సఫాన్ తాక్సిన్ స్టేషన్‌లో దిగితే పక్కనే సాథోన్ రేవు. టూరిస్టు బోటు టికెట్టు అమ్మేవాళ్ళు ముందే ఎదురవుతారు. వాళ్ళని దాటి, నారింజ రంగు జెండా ఉన్న బోటు కోసం ఆగండి. ఆఫీసులకి వెళ్ళేవాళ్ళు ఎక్కేది అదే. నేను వెళ్ళినప్పుడు ఎక్కడ దిగినా 16 బాట్లే.

వీలైతే వెనక వైపు నిలబడండి. పొడవాటి రేకు డబ్బాలో చిల్లర గలగలలాడిస్తూ కండక్టర్ వస్తుంది, ఆ డబ్బాలోంచే టికెట్టు చింపి ఇస్తుంది. రేవు దగ్గర పడగానే చివర నిలబడ్డ కుర్రాడు ఈల వేస్తాడు. వెనక ఎంత దూరం ఉందో కనపడని డ్రైవరుకి ఆ ఈలలే లెక్క. తాడు వేశాడో లేదో జనం దూకేస్తుంటారు. మీరు కంగారు పడకండి గానీ, మరీ నెమ్మదిగా కూడా దిగకండి, బోటు ఎక్కువసేపు ఆగదు. మీరు దిగాల్సింది థా తియెన్ రేవులో.

వాట్ ఫో: ఎనిమిదింటికల్లా

వాట్ అంటే గుడి. రేవు నుంచి నాలుగడుగులే. ఆ నాలుగడుగుల్లోనే నాకు ఇస్త్రీ చొక్కా వేసుకున్న ఒక పెద్దమనిషి తగిలాడు. "ఈ రోజు గుడి మూసేశారు, వేరే గుళ్ళు చూపిస్తా, టుక్‌టుక్ ఎక్కు" అన్నాడు. టుక్‌టుక్ అంటే వాళ్ళ ఆటో. ఆ టుక్‌టుక్ చివరికి ఆగేది రత్నాల కొట్టు ముందు. ఒంటరిగా కనపడ్డవాళ్ళకి ఈ మర్యాద కాస్త ఎక్కువే జరుగుతుంది. నవ్వి, గేటు దాకా నడిచి మీ కళ్ళతో చూసుకోండి.

లోపల పడుకున్న బుద్ధుడు 46 మీటర్ల పొడవు. అందరూ తల దగ్గర సెల్ఫీ తీసుకుని కదిలిపోతారు. మీరు పాదాల దగ్గర ఆగండి. అరికాళ్ళ మీద ముత్యపు చిప్పతో పొదిగిన 108 శుభచిహ్నాలుంటాయి. గోడ పక్కనే వరసగా 108 కంచు పాత్రలు. చిల్లర నాణేలు కొనుక్కుని ఒక్కోదాన్లో ఒక్కోటి వేస్తూ పోవాలి. హాలంతా ఆ టింగు టింగులే.

తర్వాత బయట తోటలో రాతి ఋషుల బొమ్మలు వెతకండి. ఒకాయన కాలు మెలేసి, ఇంకొకాయన నడుం వంచి రకరకాల భంగిమల్లో ఉంటారు. థాయ్‌లో కూడా వాళ్ళని 'రూసీ' అనే అంటారు. ఇక్కడే పాత మసాజ్ బడి కూడా ఉంది. థాయ్ మసాజ్‌ని యునెస్కో 2019లో వారసత్వ జాబితాలో చేర్చింది. నడుం పట్టేసి ఉంటే ఒక గంట ఇక్కడ ఇచ్చేయండి. మెల్లగా నొక్కుతారనే భ్రమ మాత్రం వద్దు.

పూల మార్కెట్, భోజనం

అక్కడినుంచి దక్షిణం వైపు పావుగంట నడిస్తే పాక్ ఖ్లోంగ్ తలాత్. బస్తాల కొద్దీ బంతిపూలు, మల్లెమొగ్గలు, తామరలు. మన దండలకి, వీళ్ళ దండలకి తేడా చూడండి. ఇక్కడి మల్లెదండ చేతికి గాజంత ఉంటుంది, కింద గులాబీ వేలాడుతుంది. ఒకటి కొని మణికట్టుకి తగిలించుకుంటే సాయంత్రం దాకా వాసన వస్తుంది.

శాకాహారులకి ఇక్కడ రెండు దారులు. పసుపు జెండా మీద ఎర్రగా 'జే' అని థాయ్ అక్షరాలున్న కొట్టు కనిపిస్తే నిశ్చింతగా కూర్చోండి, అక్కడ మాంసం, గుడ్డే కాదు, ఉల్లి, వెల్లుల్లి కూడా ఉండవు. లేదా పక్కనే ఉన్న ఫాహురత్‌కి, అంటే వాళ్ళ లిటిల్ ఇండియాకి నడవండి, చపాతీ, పప్పు దొరుకుతాయి. మామూలు హోటల్లో కూరగాయలే అడిగినా చేపల సాస్ పడుతుంది. "మై సై నామ్ ప్లా", అంటే చేపల సాస్ వెయ్యొద్దు అని ముందే చెప్పుకోవాలి.

పన్నెండు నుంచి మూడు దాకా ఏమీ పెట్టుకోకండి. ఏసీ ఉన్న కాఫీ షాపు చూసుకుని కూర్చోండి.

నాలుగింటికి నది దాటండి

మళ్ళీ థా తియెన్‌కి వచ్చి అవతలి ఒడ్డుకి పడవెక్కండి. టికెట్టు ఐదు బాట్లు, ప్రయాణం అయిదు నిమిషాలు కూడా ఉండదు. ఎదురుగా కనపడేదే వాట్ అరుణ్. పేరు మన అరుణుడిదే. దూరం నుంచి తెల్లగా, దగ్గరికెళ్తే పూలపూలుగా ఉంటుంది. చైనా పింగాణీ ముక్కలు ఒక్కోటీ అతికి ఆ పూలు చేశారు. వేలితో తడిమితే పళ్ళెం అంచు వంపు తెలుస్తుంది.

గుమ్మం దగ్గర కాపలా ఉన్న రెండు రాక్షస విగ్రహాల్లో ఆకుపచ్చగా ఉన్నదాని పేరు అడగండి. 'తొత్సకన్' అంటారు. దశకంఠుడు! రావణుణ్ణి గుడికి కాపలా పెట్టిన ఊరు. ఫొటో కావాలంటే ఇక్కడ అడగడం తేలిక, థాయ్ దుస్తులు అద్దెకి తీసుకుని ఫొటోలు దిగేవాళ్ళే చుట్టూ ఉంటారు. మీరు వాళ్ళకి నాలుగు తీయండి, వాళ్ళు మీకు తీస్తారు. మెట్లు మాత్రం నిటారుగా ఉంటాయి, దిగేటప్పుడు కమ్మీ వదలకండి.

అయిదున్నరకల్లా ఇవతలి ఒడ్డుకి వచ్చేయండి. గోపురం వెనక సూర్యుడు దిగడం ఇటునుంచే కనపడుతుంది. మేడ మీది కేఫ్‌లు ఖరీదు, రేవు దగ్గర నిలబడినా అదే సూర్యుడు.

చీకటి పడ్డాక బోటు కోసం చూడకుండా సనాం ఛాయ్ మెట్రో స్టేషన్‌కి నడిచేయండి. లోపలికి దిగాక రైలు కోసం పరుగెత్తకుండా తల ఎత్తండి. రాజదర్బారులా స్తంభాలు, ఎరుపు, బంగారు రంగు పైకప్పు. పొద్దున వదిలేసిన ప్యాలెస్‌ని మెట్రో టికెట్టు ధరకే కాస్త చూసినట్టు ఉంటుంది.