పాత గేమ్ నడవట్లేదా? ముందు అది ఏ ఫోల్డర్‌లో ఉందో చూడండి

ఏజ్ ఆఫ్ ఎంపైర్స్, ఐజీఐ, వైస్ సిటీ... ఒకప్పుడు నెట్ సెంటర్‌లో గంట లెక్కన డబ్బులు కట్టి ఆడిన గేములను ఇప్పుడు కొత్త లాప్‌టాప్‌లో ఎక్కించుకుని, తేడా వస్తే నాకు ఫోన్ చేస్తుంటారు. నేను మొదట అడిగేది ఒకటే: గేమ్ ఎక్కడ ఇన్‌స్టాల్ చేశారు? చాలామంది అది చూసి ఉండరు. "కంపాటిబిలిటీ మోడ్ పెట్టాను, రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్ కూడా పెట్టాను" అంటారు. దయచేసి ఆ టిక్కులు పెట్టే ముందు ఫోల్డర్ చూడండి. ఎందుకో కింద చెబుతున్నాను.

సేవ్ చేసిన ఆట మాయమైంది. సెట్టింగ్ మార్చినా మారట్లేదు. తీసేసి మళ్లీ ఎక్కించినా అదే తంతు

ఈ మూడింటికీ కారణం ఒకటే కావచ్చు.

విండోస్ ఎక్స్‌పీ కాలం నాటి గేములు చాలావరకు సేవ్‌లను, సెట్టింగులను తమ సొంత ఫోల్డర్‌లోనే రాసుకునేవి. 1999లో వచ్చిన ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2 కూడా తన ఫోల్డర్ లోపలి సేవ్‌గేమ్ అనే ఫోల్డర్‌లోనే ఆటలు దాచుకుంటుంది. ఇన్‌స్టాలర్‌కు మనం 'నెక్స్ట్' కొట్టుకుంటూ పోతే గేమ్ ప్రోగ్రామ్ ఫైల్స్‌లో కూర్చుంటుంది. అయితే 2007లో విండోస్ విస్టా వచ్చినప్పటి నుంచి మామూలు ప్రోగ్రాములకు అక్కడ రాసే హక్కు లేదు. ఒక్కసారిగా ఆపేస్తే పాత ప్రోగ్రాములన్నీ ఆగిపోతాయి కాబట్టి విండోస్ చాటుగా ఒక ఏర్పాటు చేసింది. గేమ్ తన ఫోల్డర్‌లోనే రాశాననుకుంటుంది. ఫైల్ మాత్రం మీ యూజర్ ఫోల్డర్‌లో యాప్‌డేటా, అందులో లోకల్, అందులో వర్చువల్‌స్టోర్ అనే చోటికి వెళ్తుంది. చదివేటప్పుడు కూడా ముందు అక్కడ వెతికి, లేకపోతేనే అసలు ఫోల్డర్‌కు వస్తుంది.

ఇప్పుడు 'రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్' టిక్ పెట్టారనుకోండి. గేమ్‌కు పూర్తి హక్కులు వచ్చాయి కాబట్టి ఆ చాటు ఏర్పాటు ఆగిపోతుంది. గేమ్ నేరుగా అసలు ఫోల్డర్‌లో చూస్తుంది. నిన్నటిదాకా ఆడిన సేవ్‌లు అక్కడ ఉండవు. ఇంట్లో ఇంకొకరు తమ లాగిన్‌తో ఆడినా ఇంతే, ఎవరి వర్చువల్‌స్టోర్ వారిదే. రిజల్యూషన్ మార్చడానికి అసలు ఫోల్డర్‌లో సెట్టింగులుండే ఐఎన్‌ఐ ఫైల్‌ను నోట్‌ప్యాడ్‌లో దిద్దినా గేమ్ పట్టించుకోదు, అది చదివేది వర్చువల్‌స్టోర్‌లోని కాపీని. అన్‌ఇన్‌స్టాల్ చేసినా ఆ కాపీ అక్కడే మిగిలిపోతుంది. అందుకే మళ్లీ ఎక్కించగానే పాత చెడ్డ సెట్టింగ్ తిరిగొస్తుంది.

నాకిది తెలియని రోజుల్లో మా పెదనాన్న కొడుకు విండోస్ 7 లాప్‌టాప్‌లో ఎంపైర్స్ ఆడుతూ ఏదో ఎర్రర్ వచ్చిందని ఫోన్ చేశాడు. అడ్మినిస్ట్రేటర్ టిక్ పెట్టమన్నాను. ఎర్రర్ పోయింది, దాంతోపాటు నెలల తరబడి ఆడిన సేవ్‌లన్నీ కనబడకుండా పోయాయి. గేమ్ తీసేయించి మళ్లీ ఎక్కించాను, లాభం లేదు. అన్నయ్య ఏమీ అనలేదు కానీ నాకు చాలా బాధనిపించింది. ఏడాది తర్వాత వేరే పని మీద ఆ లాప్‌టాప్ తెరిచి వర్చువల్‌స్టోర్‌లో చూస్తే, ఒక్కటీ పోకుండా అన్నీ ఉన్నాయి.

నిర్ధారణకు ఇలా చేయండి. గేమ్‌ను మామూలుగా తెరిచి, టాస్క్ మేనేజర్‌లో డీటెయిల్స్ ట్యాబ్‌కు వెళ్లి, పైన కాలమ్ పేర్ల మీద రైట్ క్లిక్ చేసి, 'యూఏసీ వర్చువలైజేషన్' కాలమ్ తెప్పించండి. పైన చెప్పిన చాటు ఏర్పాటు పేరు అదే. గేమ్ ఎదురుగా 'ఎనేబుల్డ్' అని ఉండి, గేమ్ ప్రోగ్రామ్ ఫైల్స్‌లో ఉంటే మీ సమస్య ఇదే.

బాగు చేయాలంటే, ముందు హిడెన్ ఫైల్స్ కనబడేలా పెట్టి, వర్చువల్‌స్టోర్‌లోని ఆ గేమ్ ఫోల్డర్ మొత్తాన్ని డెస్క్‌టాప్ మీదికి కాపీ చేసుకోండి. అసలు ఫోల్డర్‌లోని సేవ్‌లను కూడా విడిగా కాపీ చేయండి. గేమ్ అన్‌ఇన్‌స్టాల్ చేసి, వర్చువల్‌స్టోర్‌లో మిగిలిన దాని ఫోల్డర్‌ను తీసేయండి. ఈ మెట్టు వదిలేస్తే చేసిందంతా వృథా. తర్వాత సి డ్రైవ్‌లో గానీ డి డ్రైవ్‌లో గానీ నేరుగా 'గేమ్స్' అనే ఫోల్డర్ పెట్టి అందులోకి ఇన్‌స్టాల్ చేసి, సేవ్‌లు తెచ్చి పెట్టండి. రెండు చోట్లా ఒకే పేరుతో ఫైల్ ఉంటే తేదీ చూసి కొత్తది ఉంచుకోండి. అడ్మినిస్ట్రేటర్ టిక్ ఇక అవసరం ఉండదు, తీసేయండి.

డబుల్ క్లిక్ చేస్తే ఏమీ రాదు, లేదా సీడీ లోపలే ఉన్నా సీడీ పెట్టమంటుంది

సీడీ తుడవకండి, గీతలు కారణం కాకపోవచ్చు. 2000 ప్రాంతంలో చాలా గేములు సేఫ్‌డిస్క్ అనే కాపీ రక్షణతో వచ్చాయి. దాని డ్రైవర్‌లో భద్రతా లోపం ఉండటంతో 2015లో వచ్చిన విండోస్ 10లో మైక్రోసాఫ్ట్ దాన్ని పెట్టలేదు. అదే ఏడాది అప్‌డేట్‌తో విండోస్ 7, 8లలో కూడా ఆపేసింది. ఆ డ్రైవర్‌ను ఎక్కడినుంచో తెచ్చి, డ్రైవర్ నమ్మదగిన చోటి నుంచి వచ్చిందా అని విండోస్ చూసే సిగ్నేచర్ తనిఖీని ఆపేసి ఎక్కించేవాళ్లున్నారు. బ్యాంకు పనులు కూడా అదే లాప్‌టాప్‌లో చేస్తాం కదా, ఆ పని చేయకండి. గేమ్ కంపెనీ చివరి ప్యాచ్‌లో సీడీ తనిఖీ తీసేసిందేమో చూడండి. లేకపోతే జీఓజీ, స్టీమ్ లాంటి ఆన్‌లైన్ గేమ్ దుకాణాల్లో కొనుక్కోండి, ఆఫర్‌లో చవకగానే వస్తాయి.

డి3డిఎక్స్9తో మొదలయ్యే డీఎల్‌ఎల్ లేదంటుంది

"నా దగ్గర డైరెక్ట్‌ఎక్స్ 12 ఉందే" అంటారు. డైరెక్ట్‌ఎక్స్ అంటే గేములు బొమ్మలు, శబ్దం కోసం వాడుకునే విండోస్ భాగం, డీఎల్‌ఎల్‌లు అలాంటి వాటి ఫైళ్లు. 12 ఉన్నా ఈ పాత ముక్కలు అందులో రావు. మైక్రోసాఫ్ట్ ఇచ్చే జూన్ 2010 డైరెక్ట్‌ఎక్స్ రన్‌టైమ్ ఎక్కిస్తే అన్నీ ఒకేసారి వస్తాయి. ఒక్కో డీఎల్‌ఎల్‌ను తెలియని సైట్ల నుంచి దించుకోవద్దు.

గడ్డి ఎర్రగా, నీళ్లు ఊదాగా కనబడుతున్నాయి

గ్రాఫిక్స్ కార్డు బాగానే ఉంది. ఎంపైర్స్ లాంటి గేములు 256 రంగుల పట్టికతో పనిచేస్తాయి, ఆ పట్టికను విండోస్ మధ్యలో మార్చేస్తుంది. పాత గేముల బొమ్మలను కొత్త విండోస్‌లో సరిగా చూపించే సీఎన్‌సీ-డీడ్రా అనే ఉచిత ప్రోగ్రామ్ ఫైళ్లను గేమ్ ఎక్స్‌ఈ పక్కనే పెడితే సరిపోతుంది. పాత త్రీడీ గేముల్లో స్క్రీన్ నల్లగా వస్తుంటే అలాంటిదే డీజీవూడూ 2 అనే ప్రోగ్రామ్ ప్రయత్నించండి.

వైస్ సిటీలో బండ్లు వింతగా నడుస్తున్నాయి

గేమ్‌లోని డిస్‌ప్లే సెట్టింగుల్లో, సెకనుకు వచ్చే బొమ్మల (ఫ్రేముల) సంఖ్యకు హద్దు పెట్టే ఫ్రేమ్ లిమిటర్ ఆన్ చేయండి. ఆ గేమ్ లెక్కలన్నీ సెకనుకు 30 ఫ్రేములకు వేసినవి.

మిగతావి అరుదు. ఇన్‌స్టాలర్ అసలు మొదలే కాకపోతే అది 16 బిట్‌ది కావచ్చు, 64 బిట్ విండోస్‌లో అది నడవదు. స్కూల్ ల్యాబ్‌లో ఆడిన డేవ్ లాంటి డాస్ గేములకు, పాత డాస్ కంప్యూటర్‌ను అనుకరించే డాస్‌బాక్స్ ప్రోగ్రామ్ వాడండి. నెట్‌వర్క్ ఆటకు డైరెక్ట్‌ప్లే అనే పాత విండోస్ భాగం అడిగితే విండోస్ ఫీచర్స్‌లో లెగసీ కాంపొనెంట్స్ కింద ఉంటుంది, టిక్ పెట్టండి. సౌండ్ డ్రైవర్ మార్చడం, ప్రాసెసర్ కోర్లు తగ్గించడం లాంటివి పైవన్నీ చూశాకే ముట్టుకోండి.