దీర్ఘవృత్త, కటక గెలాక్సీలలో ధూళి ఎంతుందో లెక్కకట్టడం ఎలా?

మే నెలలో బెజవాడను ఉక్కపోతతో ఉడికించే నీటి ఆవిరే ఈ పనికి మొదటి అడ్డంకి. చల్లని ధూళి విడిచే, వందల మైక్రాన్ల తరంగదైర్ఘ్యమున్న దూర పరారుణ కాంతిని అది చాలావరకు మింగేస్తుంది. టెలిస్కోపును డాబా మీద పెట్టినా, హిమాలయాల్లో పెట్టినా చిక్కు తప్పదు. కాబట్టి హెర్షెల్ అంతరిక్ష టెలిస్కోపు 2009–13 మధ్య తీసిన చిత్రాలు తెచ్చుకోండి. అమెరికాలోని కాల్టెక్ విద్యాసంస్థ వారి ఇర్సా (పరారుణ చిత్రాల) ఆర్కైవ్‌లో ఉచితంగా దొరుకుతాయి. మామూలు ల్యాప్‌టాప్, ఖగోళ చిత్రాలు తెరిచే డీఎస్9 సాఫ్ట్‌వేర్, ఒక స్ప్రెడ్‌షీట్ చాలు.

మొదటి ప్రయత్నానికి కన్యా రాశిలోని ఎన్‌జీసీ 4526 అనే గెలాక్సీ తీసుకోండి. ఏప్రిల్ మధ్యలో రాత్రి 11 ప్రాంతంలో అది మన నడినెత్తికి దగ్గరగా ఉంటుంది. ఈ కటక (పళ్లెంలా ఉన్నా సర్పిల చేతులు లేని) గెలాక్సీ నడిమధ్యన ధూళి పళ్లెం హబుల్ చిత్రంలోనే కనిపిస్తుంది, అంటే మీ లెక్కలో సున్నా వస్తే తప్పు లెక్కదే. దీర్ఘవృత్త గెలాక్సీతో మొదలుపెట్టొద్దు. హెర్షెల్‌తో 62 గెలాక్సీలను పరిశీలిస్తే కటక గెలాక్సీల్లో 62 శాతంలో, దీర్ఘవృత్త గెలాక్సీల్లో 24 శాతంలోనే ధూళి దొరికింది. చాలా దీర్ఘవృత్త గెలాక్సీల్లో కోటి డిగ్రీల వేడి వాయువు ఉంటుంది. అది రేణువులను కోటి నుంచి పది కోట్ల ఏళ్లలో చెక్కి పారేస్తుంది.

హెర్షెల్‌లోని స్పైర్ కెమెరా తీసిన 250 మైక్రాన్ల చిత్రం తెరిచి, ముందు హెడర్‌లో (ఫైలు మొదట్లో ఉండే వివరాల్లో) యూనిట్ చూడండి. ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే. జాన్‌స్కీ అంటే మనకు చేరే కాంతి ప్రవాహానికి కొలమానం, బీమ్ అంటే ఒక చుక్క చిత్రంలో పరుచుకునే మచ్చ. 'జాన్‌స్కీ పర్ బీమ్' అని ఉంటే పిక్సెళ్ల విలువలను కూడినంత మాత్రాన సరిపోదు. బీమ్ వైశాల్యం సుమారు 469 చదరపు ఆర్క్‌సెకన్లు (ఆర్క్‌సెకను అంటే డిగ్రీలో 3600వ వంతు), 6 ఆర్క్‌సెకన్ల పిక్సెల్ వైశాల్యం 36. మొత్తాన్ని సుమారు 13తో భాగించకపోతే ధూళి పదమూడింతలై కూర్చుంటుంది. గెలాక్సీ చుట్టూ 60 ఆర్క్‌సెకన్ల వ్యాసార్థంతో వృత్తం, దానికి బయట 90–120 మధ్య వలయం గీయండి. వలయంలోని పిక్సెళ్ల మధ్యగత విలువను వృత్తంలోని ప్రతి పిక్సెల్ నుంచి తీసేసి కూడండి. వలయంలో వెనకాల ఉన్న వేరే గెలాక్సీ ఏదైనా మెరుస్తుంటే దాన్ని కప్పేయండి.

ఇక లెక్క:

ధూళి ద్రవ్యరాశి = (ప్రవాహం × దూరం × దూరం) ÷ (శోషణ గుణకం × ఆ ఉష్ణోగ్రత దగ్గర ప్లాంక్ విలువ)

శోషణ గుణకం అంటే కిలో ధూళి ఎంత వైశాల్యంతో కాంతిని పీల్చుకుంటుందో చెప్పేది; ప్లాంక్ విలువ అంటే ఆ వేడిలో ఉన్న వస్తువు ఆ తరంగదైర్ఘ్యం దగ్గర ఎంత వెలుగు విడుస్తుందో ప్లాంక్ సూత్రం ఇచ్చేది.

దూరం 16.5 మెగాపార్సెక్‌లు (ఒక్కోటి సుమారు 32.6 లక్షల కాంతి సంవత్సరాలు), గుణకం కిలోకు 0.4 చదరపు మీటర్లు, ఉష్ణోగ్రత 24 కెల్విన్ వేస్తే ప్రతి 0.1 జాన్‌స్కీకి సుమారు 1.3 లక్షల సూర్యులంత ధూళి వస్తుంది. అదే ఉష్ణోగ్రతను 20 అనుకుంటే 2.1 లక్షలు! అందుకే ఉష్ణోగ్రతను ఊహించి వేయకుండా, 100 నుంచి 500 మైక్రాన్ల వరకు ప్రవాహాలన్నీ కొలిచి, వాటికి బాగా సరిపోయే వక్రరేఖ అమర్చి తీయాలి. అమర్చే ముందు అన్ని చిత్రాలనూ 500 మైక్రాన్ల బీమ్ స్థాయికి, అంటే 36 ఆర్క్‌సెకన్లకు, మసకబార్చండి. ఈ మెట్టు దాటేస్తే ఉష్ణోగ్రతే తప్పుతుంది.

వెలుగు దొరికిందంటే ధూళి దొరికినట్టు కాదు. వైజ్ అనే పరారుణ ఉపగ్రహపు 12, 22 మైక్రాన్ల చిత్రాల్లో దీర్ఘవృత్త గెలాక్సీలు తెగ మెరుస్తాయి, కానీ అందులో చాలా భాగం ముసలి నక్షత్రాలు తమ చుట్టూ కప్పుకున్న ధూళిది. మనం వెతికే చల్లని ధూళి వేరు. ఎం87 అనే పెద్ద దీర్ఘవృత్త గెలాక్సీ ఇంకా గడుసుది. దాని దూర పరారుణమంతా దాదాపు కేంద్రం, దాని నుంచి చిమ్మే జెట్ విడిచే సింక్రోట్రాన్ కాంతే, అంటే అయస్కాంత క్షేత్రంలో అతివేగంగా తిరిగే ఎలక్ట్రాన్లు విడిచే కాంతే. రేడియో ప్రవాహాలను కూడా అదే గ్రాఫులో గుర్తించి, హెర్షెల్ చుక్కలు ఆ గీత కొనసాగింపు మీదే పడుతున్నాయేమో చూడండి. పడితే ధూళి లెక్క అక్కడితో ఆపేయండి.