అమ్మేముందు బండికి ఇంజన్, గేర్‌బాక్స్ మార్పించాలా? ముందు రోగం ఎక్కడుందో చూసుకోండి

మా బావ తన 2013 డిజైర్ డీజిల్ అమ్ముదామని విజయవాడ ఆటోనగర్ తీసుకెళ్తే, అక్కడ ఒక మెకానిక్ కనీసం బానెట్ ఎత్తకుండా ఒక రౌండ్ కొట్టొచ్చి "గేర్‌బాక్స్ పోయింది సార్, స్క్రాప్‌లో మంచిది ఉంది, 35 వేలకి వేసేస్తా, తర్వాత కళ్ళు మూసుకుని అమ్ముకోండి" అన్నాడంట. బావ అడ్వాన్స్ ఇవ్వబోతూ నాకు ఫోన్ చేశాడు. వెళ్ళి ముందు చక్రం పక్కన గొంతుక్కూర్చుని చూస్తే రబ్బరు బూటు (గ్రీజు బయటికి రాకుండా ఉండే తొడుగు) చిరిగి గ్రీజంతా రిమ్ము లోపలికి చిమ్మి ఉంది. పోయింది గేర్‌బాక్స్ కాదు, డ్రైవ్ షాఫ్ట్ (గేర్‌బాక్స్ నుంచి చక్రాన్ని తిప్పే రాడ్డు) చివర జాయింటు. కొత్త జాయింటు, బూటు, కూలీ అన్నీ కలిపి 5 వేల లోపే తేలింది.

అందుకే మార్పిస్తే రేటు ఎంత పెరుగుద్ది అని తర్వాత ఆలోచించండి, అసలు పోయింది ఏంటో ముందు తేల్చుకోండి.

స్టీరింగ్ ఫుల్లుగా తిప్పి మెల్లగా పోతుంటే కటకట సౌండ్: పైన చెప్పిందే. ఖాళీ స్థలంలో ఎడమకి ఒకసారి, కుడికి ఒకసారి ఫుల్ లాక్ చేసి గుండ్రంగా తిప్పండి. జాయింటు మార్చేసి అమ్ముకోండి, గేర్‌బాక్స్ జోలికి పోవద్దు.

ఆర్‌పీఎం పెరుగుద్ది, బండి మాత్రం లాగదు: చాలామంది పికప్ లేదు, ఇంజన్ బోరుకొచ్చింది (లోపల అరిగిపోయి విప్పి బాగు చెయ్యాల్సి వచ్చింది) అనుకుని భయపడతారు. బండి ఆపి హ్యాండ్‌బ్రేక్ గట్టిగా వేసి, ఫుట్ బ్రేక్ కూడా తొక్కి పట్టుకుని, మూడో గేర్ వేసి క్లచ్ మెల్లగా వదలండి. ఇంజన్ ఠక్కున ఆగిపోతే క్లచ్ బానే ఉంది, ఆగకుండా తిరుగుతూనే ఉంటే ప్లేటు అరిగిపోయింది. ఈ టెస్టు ఒక్కసారే చెయ్యండి, పదిసార్లు చేస్తే ఉన్న ప్లేటు కూడా కాలిపోద్ది. క్లచ్ ప్లేటు, ప్రెషర్ ప్లేటు, రిలీజ్ బేరింగ్ మూడూ ఒకేసారి మార్పించండి, ఎలాగూ గేర్‌బాక్స్ దించాలి కదా, మళ్ళీ మళ్ళీ దించితే కూలీ దండగ. అమ్మేముందు పెట్టిన డబ్బు తిరిగొచ్చే పని ఏదైనా ఉందంటే నా దృష్టిలో ఇదే, ఎందుకంటే కొనేవాడు నడపంగానే కాలికి తెలిసిపోద్ది.

గేర్ పడేటప్పుడు గర్రుమంటది: ఇంజన్ ఆపి అన్ని గేర్లూ వేసి చూడండి. ఆపినప్పుడు మెత్తగా పడి, స్టార్ట్ చేశాక రివర్స్‌తో సహా అన్నీ గట్టిగా ఉంటే క్లచ్ పూర్తిగా విడవట్లేదని. ఒక్క రెండో గేర్ ఒకటే గర్రుమంటే లోపల సింక్రోమెష్ (గేర్లు మెత్తగా కలిసేలా చేసే రింగు) అరిగింది. ముందు గేర్ ఆయిల్ మార్చి చూడండి, తగ్గితే తగ్గుద్ది. సౌండ్ సంగతికొస్తే, న్యూట్రల్‌లో వచ్చి క్లచ్ తొక్కగానే ఆగితే గేర్‌బాక్స్ ఇన్‌పుట్ బేరింగ్, తొక్కినప్పుడే వస్తే రిలీజ్ బేరింగ్. స్పీడుతో పాటు పెరిగే గుయ్ సౌండ్ స్టీరింగ్ అటూ ఇటూ ఊపినప్పుడు మారితే చక్రం బేరింగ్, దానికి గేర్‌బాక్స్‌తో సంబంధమే లేదు.

ఇక పొగ. నల్లపొగ అయితే ఎయిర్ ఫిల్టర్, టర్బో (ఇంజన్‌కి గాలి నెట్టే పంపు) పైపు లీకు, ఈజీఆర్ (పొగలో కొంత మళ్ళీ ఇంజన్‌లోకి పంపే వాల్వు), ఇంజెక్టర్లు, ఈ వరసలో చూపించండి. తెల్లపొగ ఆగకుండా వస్తూ కూలెంట్ కూడా తగ్గిపోతుంటే హెడ్ గ్యాస్కెట్ (ఇంజన్ బ్లాకుకీ పైనున్న హెడ్డుకీ మధ్య ఉండే సీలు) మీద అనుమానం. నీలంపొగ అయితే ఆయిల్ కాలుతోంది, అది టర్బో సీలు నుంచా రింగుల నుంచా అన్నది కంప్రెషన్ టెస్టు (సిలిండర్లలో ప్రెషర్ కొలిచే టెస్టు) చేస్తేనే తేలుద్ది, అది చెయ్యకుండా ఇంజన్ దించేద్దాం అనేవాణ్ణి నమ్మొద్దు. కింద నుంచి డగ్ డగ్ అని బరువుగా కొట్టుకుంటుంటే మాత్రం ఇంజన్ లోపలి బేరింగులు పోయినట్టే, అప్పుడే ఇంజన్ మార్చడం అనే మాటకి అర్థం ఉంది.

సరే, నిజంగానే ఇంజన్ పోయింది అనుకుందాం. మార్చి అమ్మితే మిగులుద్దా?

మాకు తెలిసిన ఇంకో బండికి వేసిన లెక్క చెప్తా. బాగుంటే 3 లక్షల 20 వేలు పలికే బండి, ఉన్నది ఉన్నట్టు అయితే 2 లక్షల 30 వేలకి అడిగారు. స్క్రాప్‌లో కొనే పాత ఇంజన్, క్లచ్, ఆయిళ్ళు, కూలీ, ఆర్టీవో తిరుగుడు అన్నీ కలిపి 95 వేలు తేలింది. అంటే ఫుల్ రేటు వచ్చినా 5 వేలు చేతి నుంచి పోయినట్టే, పైగా ఇంజన్ మార్చిన బండి అనగానే ఫుల్ రేటు ఎవడూ ఇవ్వడు. ఉన్నది చెప్పేసి ఉన్నట్టే అమ్మేశారు.

అసలు తలనొప్పి కాగితాల్లో ఉంది. గేర్‌బాక్స్ నంబరు ఆర్సీలో ఉండదు, ఇంజన్ నంబరు ఉంటది, ఇన్సూరెన్స్‌లో కూడా ఉంటది. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం ఇంజన్ మార్చాలంటే ఆర్టీవో అనుమతి ఉండాలి, మార్చాక 14 రోజుల్లో వాళ్ళకి తెలియజేసి ఆర్సీలో ఎక్కించుకోవాలి. ఇది చెయ్యకపోతే ట్రాన్స్‌ఫర్ దగ్గరో, రేపు క్లెయిమ్ దగ్గరో దొరికిపోతారు. స్క్రాప్ ఇంజన్‌కి బిల్లు, అది ఏ బండిదో దాని కాగితం ఇవ్వనంటే తీసుకోవద్దు, దొంగబండిది అయితే స్టేషన్ చుట్టూ తిరగాల్సింది మీరే.

డిజైర్, స్విఫ్ట్ వాళ్ళకి ఇంకోటి. 1248 సీసీ ఫియట్ మల్టీజెట్టే ఎర్టిగాలోనూ ఉంది, టాటా విస్టా, ఫియట్ పుంటోల్లోనూ ఉంది కాబట్టి "అన్నీ ఒకటే సార్" అంటారు. ఒకటే కాదు. స్విఫ్ట్‌ది 75 పీఎస్ (ఇంజన్ పవర్ కొలత), ఎర్టిగాది 90 పీఎస్, టర్బో వేరు. కంపెనీ మారితే మౌంటింగులు, వైరింగ్ కూడా తేడా వస్తాయి. మీ మోడల్‌దే, అదే పవర్‌ది దొరికితేనే ఆలోచించండి. పెట్రోల్ బండికి డీజిల్ ఇంజన్ పెట్టే ఐడియా ఉంటే ఇప్పుడే మర్చిపోండి.

మార్చడం గిట్టుబాటయ్యేది ఒక్కచోటే: బండి అసలు కదలని స్థితిలో ఉండి, బాడీకి తుప్పు, యాక్సిడెంట్ లేకుండా ఉండి, ఆర్సీకి ఇంకా నాలుగైదేళ్ళు టైముండి, బిల్లుతో సహా ఇంజన్ దొరికితే. లేదా అమ్మకుండా మీరే వాడుకుంటాను అంటే, అది వేరే లెక్క.

బావ బండి కొన్నాయన కాలనీ సందు చివర ఫుల్ లాక్ చేసి రెండుసార్లు తిప్పాడు, చెవి బయటపెట్టి విన్నాడు. తర్వాత ఫోన్ టార్చ్ వేసి, జేబురుమాలుతో జిడ్డు తుడిచి, ఇంజన్ నంబర్లో ఒక్కో అంకె ఆర్సీతో సరిచూసుకున్నాడు. బావ జాయింటు బిల్లు తీసి చూపించాడు. ఆయన బేరం ఆడింది టైర్ల మీద మాత్రమే.