విమ్‌లో చైనీస్ పేరాలు సరిగ్గా మడవాలంటే

విమ్ అనే టెక్స్ట్ ఎడిటర్‌లో టెక్స్ట్‌విడ్త్ (లైను ఎంత వెడల్పు దాటకూడదో చెప్పే సెట్టింగ్) పెట్టుకున్నా చైనీస్ పేరా మాత్రం ఒకే పొడవాటి లైనుగా ఉండిపోతుంది. చైనీస్‌లో మాటల మధ్య ఖాళీలుండవు, విమ్ ఏమో ఖాళీ దొరికితేనే లైను విరుస్తుంది. ఇంగ్లిష్ మాటలు కలిసిన పేరాలైతే మరీ ఘోరం, ఉన్న ఆ నాలుగు ఖాళీల దగ్గరే విరిగి లైన్లన్నీ ఎగుడుదిగుడుగా వస్తాయి.

లైన్లు ఎలా విరవాలో, ఎలా కలపాలో ఒక్కో అక్షరంతో చెప్పే ఫార్మాట్‌ఆప్షన్స్ సెట్టింగ్‌లో స్మాల్ ఎమ్ చేర్చండి. ఇక ఏ చైనీస్ అక్షరం దగ్గరైనా విరుస్తుంది. దాంతోపాటు క్యాపిటల్ బి కూడా పెట్టాలి. లేకపోతే విరిగిన లైన్లను మళ్లీ కలిపినప్పుడు రెండు చైనీస్ అక్షరాల మధ్య అక్కర్లేని ఖాళీ దూరుతుంది. క్యాపిటల్ ఎమ్ అని ఇంకోటి ఉంది, అది ఇంగ్లిష్ మాటకీ చైనీస్ అక్షరానికీ మధ్య కూడా ఖాళీ పెట్టదు. నాకైతే బి నయం.

చైనీస్ అక్షరం రెండు గళ్ల వెడల్పు తీసుకుంటుంది. కాబట్టి టెక్స్ట్‌విడ్త్ 78 అంటే లైనుకి 39 అక్షరాలే.

తెలుగు రాసేవాళ్లు మాత్రం ఇవన్నీ సెట్‌లోకల్‌తో ఆ ఒక్క ఫైలుకే పెట్టుకోండి. యూనికోడ్ సంఖ్య (కంప్యూటర్లో ప్రతి అక్షరానికీ ఇచ్చిన నంబరు) 255 దాటిన అక్షరాలన్నిటికీ స్మాల్ ఎమ్ వర్తిస్తుంది, అందులో మన లిపీ ఉంది. అన్ని ఫైళ్లకీ పెట్టేస్తే తెలుగు మాటలు మధ్యలో తెగుతాయి, బి వల్ల లైన్లు కలిపేటప్పుడు రెండు మాటలు అతుక్కుపోతాయి కూడా.