కుర్రాళ్ల జట్టు నిలదొక్కుకున్న తీరు

ఫుట్‌బాల్ మేనేజర్ అనే కంప్యూటర్ గేమ్‌లో ఇంగ్లండ్ ఆరో శ్రేణి క్లబ్బును తీసుకుని, సొంత అకాడమీ కుర్రాళ్లనే ఆడిస్తున్నాను. ఆధిక్యంలో ఉండి కూడా ఆఖరి నిమిషాల్లో చేతులెత్తేసేవారు. వ్యూహాలు మార్చినా ఫలితం లేదు. జట్టు నిండా గేమ్ ఒక్కో ఆటగాడికి ఇచ్చే పట్టుదల అంకె తక్కువగా ఉన్నవాళ్లే!

అందుకే యువ విభాగం అధిపతిగా వృత్తినిష్ఠ గల వ్యక్తిని తెచ్చాను. ఏటా అకాడమీకి వచ్చే కుర్రాళ్ల స్వభావంపై ఆయన వ్యక్తిత్వ ప్రభావం ఉంటుంది. చిన్న క్లబ్బు డబ్బు ఖర్చు పెట్టాల్సింది ముందు ఇక్కడే అని గట్టిగా నమ్ముతాను.

తర్వాత మెంటరింగ్ బృందాలు, అంటే సీనియర్ల స్వభావం కుర్రాళ్లకు అబ్బేలా చేసే గుంపులు, కట్టాను. ఒక్కో దానిలో కనీసం ముగ్గురుండాలి. 19 ఏళ్ల కెప్టెన్ పక్కన 16 ఏళ్ల వాళ్లిద్దరిని ఉంచాను. ప్రెసింగ్ (బంతి కోసం ప్రత్యర్థులపైకి దూసుకెళ్లడం) తగ్గించి, అలసిన వింగర్లను (అంచుల్లో ఆడేవాళ్లను) 65వ నిమిషానికే మార్చాను. మరుసటి సీజన్‌లో ఆఖరి నిమిషాల్లో మేం ఇచ్చుకునే గోల్స్ బాగా తగ్గాయి. మంచి గోల్‌కీపర్ మాత్రం ఇంకా దొరకలేదు. మార్చిలో వచ్చే కొత్త కుర్రాళ్లపైనే ఆశంతా.